వరమ్మ తర్జుమా

వరమ్మకు ఉన్న చెడ్డ అలవాటల్లా నవ్వు. అదీ వేళాపాళా లేని నవ్వు. పెళ్లినాడు పాస్టరుగారు ప్రమాణం చేయిస్తూ "కలిమిలోను లేమిలోను" అంటే, పక్కన నిలబడ్డ గాబ్రియేలు కంగారులో "కలిమిలోను బలిమిలోను" అనేశాడు. పెళ్లికూతురు పూలదండలో మొహం దాచుకుని భుజాలు అదిరేలా వణికింది. పుట్టిల్లు తలచుకుని ఏడుస్తోంది పాపం అని చర్చి అంతా జాలిపడింది. అది నవ్వని తెలిసింది గాబ్రియేలు ఒక్కడికే. అప్పటినుంచి అతను నలుగురిలో ఒక మాట అనాలంటే ముందు పెళ్లాం వైపు చూసేవాడు. చూశాక ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకునేవాడు.

ఆమె పుట్టింది ఆలూరు అవతల, కర్ణాటకకు ఆనుకుని ఉన్న పల్లెలో. తల్లి కన్నడంలో తిట్టేది, తండ్రి తెలుగులో బతిమాలేవాడు. పత్తికొండ దగ్గరి పల్లెకు కోడలై వచ్చాక, పక్కింటి మాబున్నితో స్నేహం కలిసి ఉర్దూ కూడా వంటబట్టింది. టమోటా మార్కెట్లో కాయలు ఏరే పనికి వెళ్లేది. బళ్లారి వ్యాపారితో ఒక భాష, హైదరాబాదు లారీ డ్రైవరుతో ఇంకో భాష, తోటి కూలీలతో మరో భాష. ఏ భాషలో మొదలుపెట్టినా చివరికి నవ్వులోనే తేలేది. ఏటా క్రిస్మస్ నాటకంలో హేరోదు రాజు వేషం ఆమెదే. మీసం అతికించుకుని కత్తి దూసి గర్జించబోతే ఆ మీసమే ఊడి పెదవి మీద వేలాడేది. పిల్లలు భయపడాల్సిన చోట పొట్టలు పట్టుకునేవాళ్లు.

ఇలా సాగుతున్న కాపురంలోకి గాబ్రియేలు కాలు అడ్డం వచ్చింది. అతనికి షుగరుందని తెలిసి చాలాకాలమే అయింది. తెలియడమంటే, ఆ పేరొక్కటే తెలుసు. ఒళ్లు బాగా లేకపోతే మాత్ర వేసుకునేవాడు, బాగుంటే మానేసేవాడు. చేలో తుమ్మముల్లు అరికాల్లో దిగింది. నొప్పి లేదు కాబట్టి ముల్లూ లేదనుకున్నాడు. చీము అంటి చెప్పు రంగు మారడం చూసి వరమ్మ కాలు ఎత్తించి చూసేసరికి లోపల పెద్ద పుండు. ఆ సాయంత్రమే ఇద్దరూ బస్సెక్కి కర్నూలు పొలిమేరలోని మిషనాసుపత్రిలో చేరారు.

మర్నాడు పొద్దున వార్డులోకి కొత్త డాక్టరమ్మ వచ్చింది. మనిషి పొట్టి, కళ్లద్దాలు పెద్దవి. పేరు లాల్‌రిన్‌పుయీ. ఊరు మిజోరం కొండల్లో ఎక్కడో ఉందట. ఇక్కడికి రాకముందే ఫోన్లో పాఠాలు పెట్టుకుని ఎంతో కష్టపడి తెలుగు నేర్చుకుంది. ఆ పాఠాలు తయారుచేసిన మహానుభావుడు ఎవరో గాని, మనుషులు నోటితో మాట్లాడే తెలుగు అతని చెవిన పడినట్టు లేదు.

డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి రెండు చేతులూ జోడించింది. "నమస్కారము. తమ పాదమును చూపవలెను. భయపడవలదు."

గాబ్రియేలు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. అచ్చం క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరుల ముందు దేవదూత దిగివచ్చి మాట్లాడినట్టు వినిపించిందతనికి. తెలియకుండానే అతనూ చేతులు జోడించాడు. అది చూసి వరమ్మకు మొదలైంది. కొంగు నోట్లో కుక్కుకుంది, గోడవైపు తిరిగింది, మంచం కోడు పట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"ఆమెకు ఏమి బాధ?" అని డాక్టరమ్మ ఆందోళనగా అడిగింది.

"బాధ గాదు మేడమ్, నవ్వు. పుట్టినప్పట్నుంచి ఉండాది," అన్నాడు గాబ్రియేలు.

డాక్టరమ్మ ఒక క్షణం వరమ్మను చూసింది. నవ్వన్నది అంటుకునే జబ్బు కదా, ఆమెకూ అంటుకుంది. పుండు కట్టు విప్పుతున్న నర్సు దీవెన, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కత్తెర పక్కన పెట్టి తానూ మొదలెట్టింది.

పక్క మంచంలో సుబ్బరత్నమ్మ అని ఆత్మకూరు నుంచి వచ్చిన పెద్దామె ఉండేది. షుగరు మాత్రలు మొదలెట్టి వారమైనా కాలేదు. దీవెన వేరే వార్డుకు పరుగెత్తిన సమయంలో డాక్టరమ్మ ఆమె దగ్గరికి వచ్చి ఎట్లా ఉందని అడిగింది.

"ఏం జెప్పమంటావు తల్లీ. మాత్ర మింగితే సాలు, కడుపులో దేవుతాండాది."

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. తనకు బాగా తెలిసిన మాట అది. "కడుపులో దేవుడా?"

"దేవుడు గాదమ్మా. దేవుతాండాది. తెల్లార్లూ దేవుతానే ఉండాది."

"మంచిది," అంటూ డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. "స్తోత్రము."

సుబ్బరత్నమ్మ బిత్తరపోయి వరమ్మ వైపు తిరిగింది. "నాకు వాంతికొస్తాంటే ఈయమ్మ మంచిదంటాదేమే? నేను బతికేది ఈమెకు ఇష్టం లేదా?"

వరమ్మకు ఊపిరాడలేదు. అయినా సుబ్బరత్నమ్మ కళ్లలో నీళ్లు చూసి, నవ్వు దిగమింగి లేచింది. ఉర్దూలో చెప్పబోయింది. డాక్టరమ్మకు హిందీ కూడా అంతంతమాత్రమే. ఇక లాభం లేదని నాటకానికి దిగింది. కడుపు మీద చేత్తో సుడులు తిప్పింది, బుగ్గలు పూరించింది, కళ్లు తేలేసింది, మంచం కింది బేసిను లాగి దాని మీదికి ఒంగి హేరోదు రాజు కూడా తియ్యనంత గొంతు తీసింది. నిజంగానే వాంతి చేసుకుంటోందనుకుని ఆయా చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

డాక్టరమ్మకు అర్థమైంది. అర్థం కాగానే తాను స్తోత్రమన్నది గుర్తొచ్చింది. స్టూలు మీద కూలబడి కళ్లద్దాలు తీసి, కొంగు లేని మనిషి కనక కోటు చెంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తేరుకున్నాక మాత్ర ఎప్పుడు మింగుతున్నావని అడిగించింది. లేవగానే పరగడుపున, గౌరవంగా, దేవుడికి దండం పెట్టుకుని మరీ మింగుతోందట. బువ్వ తిన్నాక వేసుకోవాల్సిన మాత్ర అది. "బువ్వ తిన్నాంకనే ఏసుకో పెద్దమ్మా, అప్పుడు దేవదు," అని వరమ్మ చెప్పింది. రెండు రోజులకు సుబ్బరత్నమ్మ కడుపు నెమ్మదించింది.

అంతే, వార్డులో వరమ్మకు ఉద్యోగం దొరికినట్టయింది. జీతం లేదు గాని హోదా ఉంది. చర్చికి పైదేశం నుంచి పెద్ద బోధకుడు వస్తే, పక్కన నిలబడి ఆయన మాటలు తెలుగులో చెప్పేవాణ్ని తర్జుమా అంటారు. వార్డంతా ఆమెను తర్జుమా అక్క అని, డాక్టరమ్మను లాలమ్మ అని పిలవసాగింది. గాబ్రియేలు పుండు మానుతూ వచ్చింది, వరమ్మ తర్జుమా మాత్రం పెరుగుతూ పోయింది.

ఒకరోజు లాలమ్మ ఒక ముసలామెతో, "ఉప్పు తగ్గించవలెను" అంది.

వరమ్మ అందుకుంది. "ఉప్పు తగ్గించమంటాదవ్వా. ఊరగాయ జాడీ తట్టు చూడనే గూడదంట. అప్పడాలు, వడియాలు బందు. కోడలి మీద అరిస్తే బీపీ ఎక్కుతాదంట, ఆ పిల్ల జోలికి పోవద్దంట. పొద్దున్నే లేసి నడవమంటాది. నడిసేటప్పుడు ఇంటింటికాడ నిలబడి చాడీలు చెప్పుకోగూడదంట."

లాలమ్మ అనుమానంగా చూసింది. "నేను రెండు పదములే పలికితిని."

"తెలుగులో శానా ఔతాదమ్మా," అంది వరమ్మ తొణకకుండా.

గాబ్రియేలును ఇంటికి పంపాక కూడా బుధవారం బుధవారం షుగరు రోగుల కోసం జరిగే ఓపీకి ఇద్దరూ వచ్చేవాళ్లు. షుగరున్న మాబున్ని కూడా వాళ్లతో బస్సెక్కేది. వచ్చే వారం అందరికీ పరగడుపు రక్తపరీక్ష చేయాలని లాలమ్మ అనుకుంది. ఏమీ తినకుండా రమ్మని చెప్పాలి. ఆమె ఫోను పాఠాల్లో దానికి "ఉపవాసము" అని ఉంది. ఆ మాట ఆమె నోట రాగానే వరమ్మ హాల్లో బెంచీ ఎక్కి నిలబడి, ఇంకా సులువు చేసి చాటింది. "వచ్చే బుధవారం అందరూ ఒక్కపొద్దుతో రాండి. మర్చిపోవద్దు, ఒక్కపొద్దు."

అందరూ తలలూపారు. ఒక్కపొద్దు తెలియని వాళ్లెవరు?

ఆ బుధవారం వచ్చిన అంకెలు చూసి లాలమ్మ నుదురు ముడిపడింది. కొందరికి షుగరు ఆకాశంలో ఉంది, కొందరికి పాతాళంలో ఉంది. పుల్లయ్య అనే పెద్ద రైతుకు ఎన్నడూ లేనంత ఎక్కువగా ఉంది. మందు పెంచడానికి కలం తీసి, ఎందుకో ఆగింది. "నిద్ర లేచినది మొదలు తమరు ఏమి భుజించితిరి?" అని అడిగింది.

"బువ్వ ముట్టలేదు మేడమ్. మెతుకు తగల్లేదు," అన్నాడు పుల్లయ్య ఛాతీ విరిచి. "ఒక్కపొద్దంటే ఒక్కపొద్దే. బొరుగుల ఉగ్గాని తిన్నా, నాలుగు బజ్జీలు తిన్నా. అరటిపండ్లు, పాలు."

లాలమ్మ నెమ్మదిగా మాబున్ని వైపు తిరిగింది.

"రంజాన్‌లో మాదిరే మేడమ్," అంది మాబున్ని. "కోడి కూయకముందే లేసి చపాతీలు, మాంసం తిన్నా. సేమ్యా తాగినా. తెల్లారినాంక ఎంగిలి గూడా మింగలేదు."

అంతలో వెనక బెంచీలో కలకలం రేగింది. చర్చి సంఘపెద్ద దావీదురాజు చేతులు వణుకుతున్నాయి, చొక్కా చెమటతో తడిసి ఉంది. ఆయనది ఉపవాస ప్రార్థన. నిన్న మధ్యాహ్నం నుంచి పచ్చి మంచినీళ్లు కూడా తాగలేదు. మాత్ర మాత్రం, అది తిండి కాదు కదా అని, ఉమ్ముతోనే మింగాడు. దీవెన గ్లూకోజు కలిపిన నీళ్ల గ్లాసుతో పరుగెత్తింది. కాసేపటికి ఆయన తేరుకుని, ప్రార్థనకు విఘాతం కలిగినందుకు దీవెనను మెత్తగా మందలించాడు కూడా.

పాపమని చూస్తున్న వరమ్మకు అప్పుడు తట్టింది. ఒకే మాటను బెంచీ ఎక్కి అరిచింది తనే. హిందువులకు అది ఒకటి, ముస్లిములకు ఒకటి, చర్చివాళ్లకు మరొకటి. మూడు భాషలు వచ్చని విర్రవీగిన తనకు, ఒక్క మాటలో మూడు పొట్టలున్నాయని తట్టలేదు. పుల్లయ్యకు మందు పెంచి ఉంటే ఏమయ్యేదో దీవెన చెప్పింది. తినని పూట ఆయన కళ్లు తిరిగి చేలోనే పడిపోయేవాడట.

వరమ్మ బయటికి వెళ్లి కుళాయి గట్టు మీద కూచుంది. ఎవరు పలకరించినా నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం చూసి గాబ్రియేలుకు భయం వేసి లాలమ్మను పిలుచుకొచ్చాడు.

లాలమ్మ పక్కనే గట్టు మీద కూచుంది. ఇద్దరి పాదాలూ తడిసిన సిమెంటు మీద ఉన్నాయి. "నీవు చెప్పితివి. వారు వినిరి," అంది మాటలు వెతుక్కుంటూ. "ఏమి వినిరి? అది నేను అడగలేదు. ఇద్దరమూ కలిసి తప్పు చేసితిమి." ఇంకా హిందీ కలిపి చెప్పుకొచ్చింది. తాను చదువుకున్నచోట రోగికి చెప్పడం సగం పనే అనేవారట. చెప్పినదాన్ని రోగి తన మాటల్లో మళ్లీ చెబితేనే మిగతా సగం అయినట్టట. ఈ వార్డులో నవ్వుతూ నవ్వుతూ ఆ సగం సంగతే మరిచిపోయిందట.

"ఐతే అడుగుదాం," అని వరమ్మ లేచింది.

తరవాతి బుధవారం అడిగారు. ఆ ప్రయత్నం ఘోరంగా విఫలమైంది. "నేను ఏమి చెప్పితిని?" అని లాలమ్మ అడిగితే అందరూ బడిపిల్లల్లా తలలు దించుకుని "అర్తమైంది మేడమ్" అన్నారు. పుల్లయ్యకైతే రోషం వచ్చింది. "ఊర్లో పంచాయితీలు చెప్పేవాన్ని నేను. నన్ను నిలబెట్టి పాఠం అప్పజెప్పమంటారా?"

వరమ్మ ఆయన కోపాన్ని చూసింది, లాలమ్మ ముడుచుకుపోవడం చూసింది. నోరు తనంతట తానే కదిలింది. "నిన్ను అడిగేది కాదన్నా. ఈ పిల్లకు తెలుగు రాదు. మీరే నేర్పియ్యల్ల. తప్పు మాట్లాడితే దిద్దండి." లాలమ్మ చెవిలో ఏదో గుసగుసలాడింది. కళ్లద్దాల వెనక ఆ కళ్లు మిలమిల మెరిశాయి.

లాలమ్మ గొంతు సవరించుకుంది. "రక్తపరీక్ష నాడు ఉదయమున లేచి, ఉగ్గాని తినవలెను."

"కాదు," అన్నాడు పుల్లయ్య అప్రయత్నంగా.

"బజ్జీలతో తినవలెను."

"అయ్యో, కాదమ్మా. ఎవురు చెప్పినారు నీకు?" పుల్లయ్య లేచి నిలబడ్డాడు. "రాత్రి బువ్వ తిన్నాంక ఇంగ నోట్లో ఏమీ ఏసుకోగూడదు. పొద్దున రక్తం ఇచ్చేదాకా ఏమీ లేదు. మంచినీళ్లు తాగొచ్చు, అంతే."

"పాలు?"

"పాలు లేవు."

"అరటిపండు?"

"లేదంటాంటే."

"కోడి కూయక మునుపు, కొంచెం మాంసము?"

ఈసారి మాబున్ని లేచింది. "కోడి కూసినా కూయకపోయినా లేదు బేటీ. రాత్రి అన్నమే ఆఖరు."

"మంచినీళ్లు మానవలెను, మాత్ర మింగవలెను," అంది లాలమ్మ అమాయకంగా. సంఘపెద్ద దావీదురాజు రెండు చేతులూ పైకెత్తి "వద్దు వద్దు" అన్నాడు. "నీళ్లు తాగల్ల. మాత్ర రక్తమిచ్చి, తిన్నాంకనే."

హాలు హాలంతా లేచింది. లాలమ్మ ఎంత తప్పు చెబితే వాళ్లకు అంత హుషారు. ఊరగాయ నాకవచ్చునా అంటే ఒక మూల గొల్లుమంది. నొప్పి తగ్గినచో మాత్ర మానవచ్చునా అంటే ఇంకో మూల కేకలు. ఏమైందోనని పక్క ఓపీల వాళ్లు తలుపుల్లోంచి తొంగిచూశారు.

"ముల్లు గుచ్చుకొనినచో నొప్పి కలుగును," అంది లాలమ్మ చివరగా. "నొప్పి లేనిచో ముల్లు లేదు."

హాల్లో జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇది నిజమో అబద్ధమో చాలామందికి తెలియలేదు. వెనక బెంచీలోంచి గాబ్రియేలు లేచాడు. అలవాటు చొప్పున పెళ్లాం వైపు చూశాడు. అయినా కూచోలేదు.

"అట్ల గాదు తల్లీ. నాకు ముల్లు దిగింది, నొప్పి లేదు. షుగరోళ్ల కాళ్లకు తెలీదు. చెప్పుల్లేకుండా తిరగొద్దు. రోజూ అరికాలు చూసుకోవల్ల. వొంగలేకపోతే అద్దం పెట్టి చూసుకోవల్ల. అద్దం లేకుంటే పెండ్లాంతో చూపిచ్చుకోవల్ల. ఆయమ్మ నవ్వినా పర్వాలేదు, చూపిచ్చుకోవల్ల."

వరమ్మ పూలదండ లేని పెళ్లికూతురిలా కొంగులో మొహం దాచుకుంది. భుజాలు అదిరాయి. ఈసారి అది నవ్వో ఏడుపో గాబ్రియేలుకు కూడా తేలలేదు.

అప్పటినుంచి బుధవారాలు పండగలయ్యాయి. జబ్బు లేని వాళ్లు కూడా చూడ్డానికి వచ్చి కూచుంటే దీవెన తరిమేది. ఆసుపత్రివాళ్లు వరమ్మను పనిలో పెట్టుకున్నారు. ఆమె తర్జుమాలో కోడళ్ల సంగతులు తగ్గాయి, పూర్తిగా పోలేదు. లాలమ్మ తెలుగు కూడా దిద్దుబాటుకు గురై గురై పూర్తిగా రంగు మారిపోయింది.

ఆ రంగు బయటపడింది కడపలో. మిషనాసుపత్రుల వాళ్లంతా కలిసే సభ అక్కడ జరిగింది. బుధవారాల సంగతి చెప్పమని లాలమ్మను పిలిచారు. వెంట వరమ్మ వెళ్లింది. అధ్యక్షుడు జ్ఞానరాజుగారు భీమవరం పెద్దమనిషి. దూరాన్నించి వచ్చిన డాక్టరు తెలుగులో మాట్లాడతారని ఎంతో గౌరవంగా పరిచయం చేశాడు.

లాలమ్మ మైకు పట్టుకుంది. "అందరూ బాగుండారా? యాడాడ్నుంచో వచ్చినారు, శానా సంతోషం. మా కాడ ఒగ పెద్దమ్మ ఉన్యాది. మాత్ర మింగితే సాలు, కడుపులో దేవుతాండాది అనె. నాకు తెలీక స్తోత్రం చెప్తి."

కడప వాళ్లూ కర్నూలు వాళ్లూ కుర్చీల్లో మెలికలు తిరిగిపోయారు. జ్ఞానరాజుగారు చిరునవ్వు చెదరకుండా పక్కనున్న వరమ్మ వైపు ఒంగాడు. "ఏవండీ, ఆవిడ వాళ్ల మిజో భాషలో మాట్లాడుతున్నారాండీ?"

వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తరవాత వెళ్లి లాలమ్మ పక్కన నిలబడి రెండో మైకు తీసుకుంది. ఆమెకు తెలిసిన కోస్తా తెలుగంతా చివర్న ఒక "అండీ" తగిలించడమే. "కడుపులో తిప్పుతోందని చెప్పిందండీ. ఈవిడకు అర్థం కాలేదండీ. స్తోత్రమండీ." లాలమ్మ సీమ యాసలో చెబుతుంది, వరమ్మ అండీల్లో చెబుతుంది. నవ్వు హాలు ఈ చివర లేచి ఆ చివరికి చేరి, మళ్లీ వెనక్కి వచ్చింది. జ్ఞానరాజుగారు రుమాలుతో కళ్లు ఒత్తుకుంటూ, బుధవారం ఆట సంగతి రాగానే తాను కూడా తప్పులు దిద్దుతానని లేచి నిలబడ్డాడు.

సభ అయ్యాక కారం దోసెలు తిని, ఎర్రబడ్డ మూతులతో ఇద్దరూ కర్నూలు బస్సెక్కారు. కండక్టరు లాలమ్మ మొహం చూసి, మర్యాదగా హిందీలో ఎక్కడికని అడిగాడు.

"కర్నూలుకు రెండియ్యప్పా," అంది లాలమ్మ. "కిటికీ పక్క సీటు యాడన్నా ఉండాదా? మా అక్కకు బస్సు పడదు."

కండక్టరు ఆమె మొహం మళ్లీ ఒకసారి చూసి రెండు టిక్కెట్లు కొట్టాడు. బస్సు కదిలింది. వరమ్మ మొదలెట్టిన నవ్వు మైదుకూరు దాటినా ఆగలేదు.